రాయిలో ఎముక దొరికితే లీజు ఏం చెబుతోంది?

ఒక కంపెనీ సున్నపురాయి గని లీజుకు తీసుకుని తవ్వుతోందనుకోండి. తవ్వకం మధ్యలో లీజు పత్రంలో లేని మరో ఖనిజం కనబడింది. అరవై రోజుల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి తెలియజేయాలి. దాన్ని లీజులో చేర్పించుకోకుండా తట్టెడు కూడా అమ్ముకోకూడదు. పెద్ద ఖనిజాల లీజులకు ఉన్న షరతు ఇది. ఖనిజమంటే రాయల్టీ, రాయల్టీ అంటే ఖజానా కాబట్టి ఈ విషయంలో ప్రభుత్వం చాలా జాగ్రత్తగా ఉంటుంది. అదే గుంతలో కోట్ల ఏళ్ల కిందటి జంతువు ఎముక కనబడితే? ఎవరికి చెప్పాలి, ఎన్నాళ్లలో చెప్పాలి, పని ఆపాలా వద్దా? 1957 నాటి గనులు, ఖనిజాల అభివృద్ధి, నియంత్రణ చట్టంలో దీనికి జవాబు వెతికితే దొరకదు. శిలాజాల కోసం అందులో ఒక్క సెక్షన్ కూడా లేదు. ఎముక క్రషర్‌లో పడి కంకర అవుతుంది, లేదా కొలిమిలో పడి సిమెంటు అవుతుంది. టన్నుకు ఇంత అని సీనరేజి కట్టేస్తే లెక్క సరిపోయినట్టే.

రైతు సంఘం పత్రికకు రాక్షసబల్లుల గొడవ ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. మద్దతు ధర, రుణమాఫీ, కౌలు కార్డులు, ఎరువుల కొరత ఇన్ని ఉండగా ఇదేమిటని. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ఎముకలున్నది మన పొలాల కిందే. వాటి మీద గని పడినా పోయేది మన భూమి. వాటిని కాపాడతామని రేపు కొత్త చట్టం వచ్చినా మొదట నోటీసు అందేది మన ఇంటికే. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ అలాంటి చట్టానికి ముసాయిదా బయటపెట్టింది. ఈ సంపాదకీయం రాసేనాటికి అది చట్టంగా రాలేదు. వచ్చేలోపే రైతాంగం తన మాట చెప్పాలి. అందుకే ఈ నెల సంపాదకీయం దీని మీద.

ముందు మన కాళ్ల కింద ఏముందో చూద్దాం. ప్రాణహిత గోదావరిలో కలిసే లోయ పొడవునా, ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు నుంచి అవతలి ఒడ్డున సిరొంచ దాకా, ఎర్రమట్టి పొరల్లోనూ సున్నపురాయి పొరల్లోనూ పాతకాలపు ప్రాణుల అవశేషాలు దొరుకుతున్నాయి. మలేరి అనే ఊరి పేరు 19వ శతాబ్దం నుంచే ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఉంది. 1961లో కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ వాళ్లు పోచంపల్లి దగ్గర ఒక భారీ రాక్షసబల్లి ఎముకలు తవ్వి తీశారు. చీరల పోచంపల్లి కాదు, ఈ లోయలోని పోచంపల్లి. సుమారు మూడు వందల ఎముకలు. దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అది రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం. యామన్‌పల్లిలో దొరికిన మరొకదానికి 1988లో జిఎస్‌ఐ శాస్త్రవేత్త పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. 1980ల్లో అన్నారం దగ్గర సేకరించిన ఎముకలను మళ్లీ పరిశీలించి 2025లో మలేరిరాప్టర్ కుట్టీ అనే కొత్త జీవిని ప్రపంచానికి పరిచయం చేశారు. వయసు సుమారు 22 కోట్ల ఏళ్లు. వాటిని సేకరించిన టి.ఎస్. కుట్టీ పేరే దానికి పెట్టారు.

ఒక తెలుగు పల్లె పేరు లాటిన్ రూపంలో ప్రపంచమంతా చదువుతోంది. ఆ పల్లె పిల్లలు మాత్రం దాన్ని చూడాలంటే బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి టిక్కెట్టు కొనాలి. పోచంపల్లి ఎముకలైతే కోల్‌కతాలో ఉన్నాయి.

శిలాజమంటే రాక్షసబల్లి ఒక్కటే కాదు. సింగరేణి బొగ్గే ఒక శిలాజం. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన గ్లాసోప్టెరిస్ అడవులు మట్టి కింద నలిగి బొగ్గు అయ్యాయి. ఆ పొరల మధ్య రాళ్ల మీద ఆకుల ముద్రలు ఇప్పటికీ కనబడతాయి. మీరు వేసే సూపర్ ఫాస్ఫేట్ బస్తా సంగతి ఇంకా విచిత్రం. దేశంలో ఫాస్ఫేట్ రాయి దొరికే ముఖ్యమైన గని రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రా. అక్కడ ఫాస్ఫేట్ ఉన్నది స్ట్రొమటోలైట్లలో. అంటే 180 కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా, నిస్సారమైన సముద్రపు అంచున సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న స్తంభాల్లో. గనిలో ఒక భాగాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించి పార్కుగా వదిలారు, మిగతాది తవ్వుకుంటున్నారు. తవ్వద్దని మేమనం, ఆ రాయి లేకపోతే మన పొలానికి భాస్వరం ఎక్కడిది? కొంత తవ్వి, కొంత మిగిల్చే ఏర్పాటు సాధ్యమేనని ఆ గని చూపిస్తోంది. కడప జిల్లా వేంపల్లె సున్నపురాయిలోనూ అలాంటి స్ట్రొమటోలైట్లే ఉన్నాయి. బేతంచెర్ల దగ్గర బిల్వస్వర్గం గుహల్లో 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వకాలు జరిపి పాతకాలపు జంతువుల ఎముకలు వెలికితీశారు. బేతంచెర్ల చుట్టుపక్కల ఎందరికో కూడు పెట్టేది నాపరాయి క్వారీలే అన్న సంగతి కర్నూలు, నంద్యాల సభ్యులకు మేము చెప్పనక్కర్లేదు.

మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది రాజమహేంద్రవరం చుట్టూ ఉన్న సంగతి. కాతేరు, దుద్దుకూరు, గౌరీపట్నం దగ్గర నల్లరాయి ఉంది. పశ్చిమ భారతంలో అగ్నిపర్వతాల నుంచి పొంగిన లావా వెయ్యి కిలోమీటర్ల దూరం ప్రవహించి గోదావరి ముఖద్వారం దాకా వచ్చి గడ్డకట్టిన రాయి అది. పై పొరకూ కింది పొరకూ మధ్య సముద్రం తెచ్చిపెట్టిన సున్నపురాయి, మట్టి. అందులో గుల్లలు, భూతద్దం పెడితేనే కనబడే చిన్న చిన్న సముద్రజీవుల గవ్వలు. రాక్షసబల్లులు అంతరించిన కాలం, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి చరిత్ర, ఆ సన్నటి పొరలో ఉంది. గెర్టా కెల్లర్ బృందం గౌరీపట్నం ప్రాంతపు క్వారీల్లో ఆ పొరలను అంగుళం అంగుళం పరిశీలించి, దక్కన్ లావా ప్రధాన దశ ఆ మహావినాశనం దగ్గరికొచ్చి ముగిసిందని 2008లో ప్రచురించింది. ప్రపంచమంతా దశాబ్దాలుగా వాదించుకుంటున్న విషయానికి సాక్ష్యం ఇచ్చింది మన దేవరపల్లి మండలపు కంకర గుంతలు.

ఇందులో ఒక చిక్కుంది. ఆ పొర బయటపడింది క్వారీ వల్లే. తవ్వకపోతే ఎవరూ చూసేవాళ్లు కాదు. ఇంకా తవ్వుకుంటూ పోతే ఇక ఎవరూ చూడలేరు. కాబట్టి గనులన్నీ ఆపేయాలన్న నినాదం ఇక్కడ పనికిరాదు. ఎప్పుడు ఆపాలి, ఎక్కడ ఆపాలి, ఎవరు చెబితే ఆపాలి అన్నదే ప్రశ్న. దానికి జవాబు ఉండాల్సింది గనుల చట్టంలో, లీజు షరతుల్లో. ఇప్పుడు లేనిదీ అక్కడే.

ఉన్న చట్టాలు సరిపోవా అని అడిగేవాళ్లుంటారు. ఒక్కొక్కటీ చూద్దాం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కనీసం వందేళ్ల నాటి కట్టడాలకు, చారిత్రక, పురావస్తు ప్రాముఖ్యం ఉన్న శిథిలాలకు రక్షణ ఇస్తుంది. అది ఆలోచించేది మనిషి చేతిపని గురించి. నూరేళ్ల మంటపం రక్షిత కట్టడమైతే దాని చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆరున్నర కోట్ల ఏళ్ల గుడ్డుకు ఆ చట్టంలో గజం చోటు కూడా స్పష్టంగా లేదు. జిఎస్‌ఐ కొన్ని స్థలాలను జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించింది. మంగంపేట ముగ్గురాయి పొరలు, తిరుమల శిలాతోరణం, విశాఖ–భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు వాటిలో ఉన్నాయి. ఆ ప్రకటన వెనక చట్టబలం లేదు. బోర్డు పెట్టవచ్చు, కంచె వేయవచ్చు, శిక్ష వేయలేరు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర 2024లో చదును పనులు మొదలైనప్పుడు అవి ఆగింది జనం గొంతెత్తాకే.

పర్యావరణ అనుమతి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2006 నాటి నోటిఫికేషన్ కింద గని పెట్టేవాడు నింపే దరఖాస్తులో ఒక గడి ఉంది. అంతర్జాతీయ ఒప్పందాల ద్వారా గానీ, జాతీయ, స్థానిక చట్టాల ద్వారా గానీ రక్షణ పొందిన స్థలాలు దగ్గర్లో ఉన్నాయా అని అడుగుతుంది. శిలాజాల స్థలానికి చట్టరక్షణే లేదు కాబట్టి దరఖాస్తుదారు నిశ్చింతగా లేవని రాస్తాడు. అబద్ధం చెప్పినట్టూ కాదు. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అయిదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకూ పర్యావరణ అనుమతి కావాలన్నాక ఈ దరఖాస్తులు మన మండలాల్లో వందల మీద పడ్డాయి. ఆ గడిలో లేవన్న మాట తప్ప మరోటి రాసిన దరఖాస్తు మన సభ్యులెవరైనా చూశారా?

గనుల చట్టంలోనే కొన్ని తలుపులు మూయకుండా ఉన్నాయని మాత్రం ఒప్పుకోవాలి. సెక్షన్ 4ఎ కింద ప్రకృతి పరిరక్షణ కోసమో, కట్టడాల, స్మారకాల భద్రత కోసమో, ప్రభుత్వానికి తగినదని తోచిన మరే కారణం మీదనో లీజును గడువుకు ముందే రద్దు చేయవచ్చు. కంకర, నాపరాయి, గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాల విషయంలో ఆ అధికారం రాష్ట్రానిదే. సెక్షన్ 17ఎ కింద కొంత ప్రాంతాన్ని లీజుకివ్వకుండా అట్టేపెట్టే అధికారమూ ఉంది. అయితే అది ఖనిజాన్ని దాచుకోవడం కోసం రాసింది, ఎముకను కాదు. అధికారం ఉండటం వేరు, బాధ్యత ఉండటం వేరు. ప్రభుత్వం తలుచుకుంటే ఆపవచ్చు అన్నచోట ప్రభుత్వం ఎంత తరచుగా తలుచుకుంటుందో చెరువు కట్టల పక్కన పేలుళ్ల మీద అర్జీలు పెట్టుకున్న రైతులకు బాగా తెలుసు.

ఇక చట్టంలో గుల్ల అన్న మాట అసలు లేదని కాదు. చిన్న ఖనిజాల జాబితాలో ఉంది. బట్టీలో కాల్చి ఇంటి సున్నం చేయడానికి పనికొచ్చేదిగా.

ఇప్పుడు 2022 ముసాయిదా దగ్గరికి వద్దాం. భూవారసత్వ స్థలాలు, భూ అవశేషాల పరిరక్షణ, నిర్వహణ బిల్లు అని దాని పేరు. అంతకుముందు 2009లో వారసత్వ స్థలాల జాతీయ కమిషన్ బిల్లు రాజ్యసభలో పెట్టారు. స్థాయీ సంఘానికి వెళ్లి, చివరకు వెనక్కు తీసుకున్నారు. కొత్త ముసాయిదా ఉద్దేశం మంచిదే. శిలాజాలున్న చోటును జాతీయ ప్రాముఖ్యం గలదిగా కేంద్రం ప్రకటించవచ్చు. ధ్వంసం చేస్తే, తొలగిస్తే, పాడుచేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఉల్లంఘన కొనసాగితే రోజుకు యాభై వేల దాకా అదనం. దొంగ క్వారీల వాళ్లకు ఇలాంటి శిక్ష పడితే మాకు అభ్యంతరం లేదు, నిజానికి చాలదనే అంటాం.

మా అభ్యంతరం మరోచోట. ఆ ముసాయిదాలో భూమిని 2013 భూసేకరణ చట్టం కింద తీసుకునే వీలు పెట్టారు. స్థలం ప్రకటించాక అక్కడ కట్టడాలు కట్టడం, తిరిగి కట్టడం, మరమ్మతు చేయడం నిషేధం. అంతటితో ఆగలేదు. ఆ ప్రాంతాన్ని మరే విధంగానైనా వాడుకోవడం కూడా నిషేధంలో చేరింది. పరిరక్షణ పనులకు, ప్రజలకు తప్పనిసరైన పనులకు మాత్రమే మినహాయింపు. మరే విధంగానైనా అంటే ఏమిటి? పత్తి పెట్టడమా? కంది విత్తడమా? గొర్రెలు మేపడమా? బోరు మోటారు షెడ్డుకు రేకులు మార్చడమా? దుక్కి దున్నే రైతునూ డైనమైట్ పెట్టే కంపెనీనీ ఒకే మాటతో నిషేధించే చట్టం ఆచరణలో ఎవరి మీద పడుతుంది? కంపెనీకి వకీళ్లున్నారు. రైతుకు తహశీల్దార్ కార్యాలయం మెట్లున్నాయి. రక్షిత కట్టడాల చుట్టుపక్కల ఊళ్లలో పశువుల కొట్టం వేసుకోవడానికి అనుమతి కోసం తిరిగి తిరిగి విసిగిన కుటుంబాలున్నాయి. ఆ అనుభవం ఉన్నవాళ్లెవరూ తమ పొలంలో ఎముక దొరికిందని నోరు తెరిచి చెప్పరు. రాత్రికి రాత్రి గట్టు కింద పూడ్చేస్తారు, లేదా వాగులో పడేస్తారు. దొరికిందని చెప్పినవాడినే శిక్షించేట్టుంటే ఆ చట్టం శిలాజాలను కాపాడలేదు, అదృశ్యం చేస్తుంది.

రైతు శత్రువు కాదని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మధ్యప్రదేశ్ ధార్ జిల్లా పాడ్ల్యా అనే ఊళ్లో రైతులు పొలాల్లో దొరికిన గుండ్రటి రాళ్లను కాకర్ భైరవ్ అని తరతరాలుగా పూజిస్తున్నారు. పొలాన్నీ పశువులనూ కాపాడే దేవుడని వాళ్ల నమ్మకం. 2023లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ నిపుణులు వచ్చి చూసి, అవి టైటనోసార్ జాతి రాక్షసబల్లి గుడ్లని తేల్చారు. అదే సంవత్సరం మొదట్లో ఆ నర్మదా లోయలోనే 92 గూళ్లు, 256 గుడ్లు దొరికాయని పరిశోధకులు ప్రచురించారు. ఆ గుడ్లు ఇన్నాళ్లూ మిగిలాయంటే ఏ శాఖా కంచె వేసినందువల్ల కాదు. రైతు వాటికి బొట్టు పెట్టి గట్టు మీద నిలబెట్టినందువల్ల. మనింట్లో పూజగదిలో ఉండే సాలగ్రామమూ గండకి నదిలో దొరికే శిలాజమే కదా. అటు రాజ్‌మహల్ కొండల్లో మొక్కల శిలాజాలకు ముప్పు తెచ్చింది నాగలి కాదు, కంకర క్వారీ. తమిళనాడు అరియలూరులో సముద్రజీవుల శిలాజాలు, రాక్షసబల్లి గుడ్లు ఉన్న నేల చుట్టూ సిమెంటు కంపెనీల సున్నపురాయి గనులు ఉన్నాయి. గుజరాత్ బాలాసినోర్ దగ్గర 1980ల మొదట్లో గుడ్లు బయటపడింది కూడా సిమెంటు క్వారీలోనే.

గని యాజమాన్యం మీద బాధ్యత పెట్టడం జరిగే పనేనా అని అడిగేవాళ్లకు కెనడాలోని అల్బర్టా ఉదాహరణ చెప్పాలి. 2011 మార్చిలో అక్కడ ఒక చమురు ఇసుక గనిలో పొక్లెయిన్ నడుపుతున్న కార్మికుడు షాన్ ఫంక్‌కు బకెట్ కింద వింత రంగు రాయి తగిలింది. పని ఆపి పైవాళ్లకు చెప్పాడు. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం శిలాజాలు ప్రజల ఆస్తి, కనబడితే తెలియజేయాల్సిందే. కంపెనీ మ్యూజియానికి కబురు పెట్టింది. ఆ రాయిలో ఉన్నది చర్మం, కవచం సహా నిలిచిన సుమారు పదకొండు కోట్ల ఏళ్ల నాటి జంతువు. మార్క్ మిచెల్ అనే నిపుణుడు ఏడు వేల గంటలు కూర్చుని రాయిని ఒలిచాడు. 2017లో ఆ జీవికి ఆయన పేరే పెట్టారు. గని మూతపడలేదు. కంపెనీ దివాలా తీయలేదు. ఆ మూలన కొన్నాళ్లు పని ఆగింది, అంతే. జర్మనీలో మెస్సెల్ అనే చోట గని 1971లో ఆగిపోయాక ఆ గుంతలో చెత్త నింపాలనుకున్నారు. స్థానికులు, శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పోరాడితే 1991లో ఆ రాష్ట్ర ప్రభుత్వం కొనేసింది, 1995లో యునెస్కో జాబితాకెక్కింది. మన దగ్గర పాడుబడ్డ క్వారీ గుంతల్లో ఏం నింపుతున్నారో చూస్తూనే ఉన్నాం.

మేము కోరేది చట్టసభలకు కష్టమైనదేమీ కాదు. కొత్త ఖనిజానికి పెట్టిన షరతునే శిలాజానికీ పెట్టండి. ఎముక గానీ, గుడ్డు గానీ, ఆకు ముద్ర గానీ, రాయిగా మారిన మాను గానీ, గుల్లల పొర గానీ కనబడితే ఆ చోట పని ఆపి, గనుల శాఖకూ జిఎస్‌ఐకీ గ్రామ పంచాయతీకీ వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలని లీజు పత్రంలోనే రాయాలి. అరవై రోజులు కాదు, ఒకటి రెండు రోజుల్లో. క్రషర్ అరవై రోజులాగదు. జిఎస్‌ఐకీ గడువు ఉండాలి. రెండు వారాల్లో వచ్చి చూసి ఏదో ఒకటి తేల్చాలి. ఆ ఖర్చు లీజుదారు పెట్టుకోవాలి. ఆగిన రోజులకు కూలీల వేతనం కూడా లీజుదారే ఇవ్వాలి. ఈ చివరి మాట మేము ఊరికే చేర్చలేదు. వేతనం పోతుందంటే కార్మికుడు ఎముకను చూసీ చూడనట్టు పక్కకు నెడతాడు, నెట్టినా అతన్ని తప్పుపట్టలేం. క్వారీలో పనిచేసేవాళ్లలో సగం మంది మన సభ్యుల ఇళ్లవాళ్లే, సేద్యం గిట్టక వెళ్లినవాళ్లే.

శిలాజాలున్నట్టు ఇప్పటికే రికార్డయిన పొరల్లో, అంటే ప్రాణహిత–గోదావరి లోయలోనూ రాజమహేంద్రవరం నల్లరాయి మధ్య పొరల్లోనూ కడప, కర్నూలు సున్నపురాళ్లలోనూ, లీజు ఇచ్చే ముందే సర్వే జరగాలి. గ్రామాల వారీగా, సర్వే నంబర్ల వారీగా ఆ పటం జిఎస్‌ఐ తెలుగులో ప్రచురించాలి. దీనికి ఢిల్లీ దాకా ఎదురుచూడనక్కర్లేదు. చిన్న ఖనిజాల నియమాలు చేసే అధికారం సెక్షన్ 15 కింద రాష్ట్రాలదే. 1966 నాటి చిన్న ఖనిజాల రాయితీ నియమాలకు ఒక సవరణ చాలు. రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ తమ తమ జీవోలతో చేయగల పని. షెడ్యూల్డ్ గ్రామాల్లో చిన్న ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరని పెసా చట్టం 1996లోనే చెప్పింది. ఆసిఫాబాద్ వైపు మన కమిటీలు ఆ సిఫార్సు తీర్మానంలో శిలాజాల షరతు రాయించడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

కేంద్ర ముసాయిదా విషయంలో మా మాట ఇంతే. సేద్యం, మేత, ఇప్పటికే ఉన్న ఇల్లు, బావి, కొట్టం నిషేధంలోకి రాకూడదని చట్టంలోనే స్పష్టంగా రాయాలి. లోతు దుక్కి వద్దంటే, ఫలానా చోట బోరు వద్దంటే, ఆ నష్టానికి ఏటా డబ్బు కట్టాలి, ఒక్కసారి చేతిలో పెట్టి పొమ్మనడం కాదు. భూమి తీసుకోవడం చివరి మార్గం కావాలి, అదీ గ్రామసభ ఒప్పుకుంటేనే. 2013లో త్రేసియమ్మ జాకబ్ కేసులో, మలబారు ప్రాంతపు భూముల సందర్భంగా, భూమి కింది సంపద మీద హక్కు సాధారణంగా భూమి యజమానితోనే ఉంటుందని, చట్టం ప్రకారం తీసేస్తే తప్ప పోదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పట్టా పొలంలో దొరికినదాన్ని ప్రభుత్వం తీసుకెళ్తే రశీదు ఇవ్వాలి, దొరికినచోటు పేరు, రైతు పేరు రికార్డులో ఉండాలి, తగిన పారితోషికం ఉండాలి. అసైన్డ్ భూమి సాగుచేసుకునేవాళ్లకూ కౌలుదారుకూ ఇది వర్తించాలి, లేకపోతే పట్టా ఉన్న ఊరి పెద్దకు బహుమతి, దున్నిన కౌలురైతుకు కేసు మిగులుతాయి. ఇక డబ్బెక్కడిదంటారా? పెద్ద ఖనిజాల లీజుదారులు రాయల్టీ మీద పదో వంతు గానీ, పాత లీజులైతే ముప్ఫై శాతం గానీ జిల్లా ఖనిజ నిధికి కడుతున్నారు. గని ప్రభావిత గ్రామాల కోసం పెట్టిన ఆ డబ్బులో కొంత తీసి, దొరికినవాటిని దొరికిన మండలంలోనే చూపించే గది ఒకటి కట్టలేరా? గుజరాత్ రయోలీలో 2019లో రాక్షసబల్లుల మ్యూజియం ఊళ్లోనే పెట్టారు.

చట్టం మారేలోపు సభ్యులకు ఒక సూచన. దుక్కిలో గానీ బావి తవ్వకంలో గానీ వింత రాయి కనబడితే, పగిలిన ఎముకలా సన్నటి రంధ్రాలు, మానులా వలయాలు, ఆకులా ఈనెలు ఉంటే, దాన్ని కదపకండి. పక్కన చేతికర్ర పెట్టి ఫోటో తీయండి. సర్వే నంబరు, ఎంత లోతులో దొరికిందీ, తేదీ ఒక కాగితం మీద రాయండి. రాళ్లు కొనే బేరగాళ్లకు అమ్మకండి. ఆ కాగితం తెచ్చి మండల కమిటీకి ఇస్తే, తహశీల్దారుకూ హైదరాబాద్ బండ్లగూడలోని జిఎస్‌ఐ కార్యాలయానికీ సంఘం తరఫున లేఖ పంపించి, అందినట్టు రశీదు తీసుకుని మీ చేతికిస్తాం. మీ ఊరి పక్కన కొత్త క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, దుమ్ము, పేలుళ్లు, బోర్ల సంగతితో పాటు ఆ దరఖాస్తులో రక్షిత స్థలాల గడి తెరిచి, అందులో ఏం రాశారో పైకి చదివి వినిపించమని అడగండి. మీ అభ్యంతరం మినిట్స్‌లో ఎక్కిందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.